రాలింగ్స్ ఇచ్చాడా, ఘనా తీసుకుందా?

ఫ్లైట్ లెఫ్టినెంట్ జెర్రీ జాన్ రాలింగ్స్ ఘనా దేశంలో రెండుసార్లు తుపాకీతో అధికారంలోకి వచ్చాడు, ఆ తర్వాత రెండుసార్లు ఓటుతో గెలిచాడు. 2001 జనవరి 7న ప్రతిపక్ష నాయకుడికి పగ్గాలు అప్పజెప్పి ఇంటికి వెళ్లిపోయాడు. 2020 నవంబర్ 12న కన్నుమూశాడు. పశ్చిమాఫ్రికాలో ఘనా అంత కుదురుగా నడుస్తున్న ప్రజాస్వామ్యాలు చాలా తక్కువ కాబట్టి, ఆ ఘనత ఎవరి ఖాతాలో వేయాలన్న తగువు ఆయనతో పోలేదు. ఇక్కడ ఆ తగువు పడుతున్నది ఇద్దరు. భారత వైమానిక దళంలో వారంట్ ఆఫీసర్‌గా రిటైరై గుంటూరులో స్థిరపడిన మావయ్య ఒకరు. అక్కడి కోర్టులోనే ప్రాక్టీసు చేస్తున్న మేనకోడలు ఒకరు. వాళ్ల వాదన మధ్యలో ఒకచోట నా మాట కూడా చెబుతాను.

మావయ్య: ఘనా వైమానిక దళం 1959లో పుట్టింది. దానికి మొదటి అధిపతి మనవాడే, ఎయిర్ కమొడోర్ జస్వంత్ సింగ్. అందుకే ఆ దళం సంగతులంటే నాకు మొదట్నుంచీ చెవి కోసుకునేంత ఆసక్తి. 1979 మే 15న ఓ కుర్ర పైలెట్ కొద్దిమంది సైనికులతో తిరగబడి, దొరికిపోయాడు. అదే నెల 28న కోర్టు మార్షల్ మొదలుపెట్టారు. అది బహిరంగంగా జరపడమే ప్రభుత్వం కొంప ముంచింది. ఇతను ఎందుకు తిరగబడ్డాడో ప్రాసిక్యూటరే లేచి చెప్పాల్సి వచ్చింది. పెద్ద ఆఫీసర్ల అవినీతి, కింద జనం ఆకలి, మొత్తం బయటపెట్టాడు. వింటున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. రాలింగ్స్ తన సైనికుల తప్పేమీ లేదు, బాధ్యతంతా నాదేనన్నాడు. జూన్ 4న తోటివాళ్లు జైలునుంచి విడిపించుకుపోయి రేడియో ముందు కూర్చోబెట్టారు. అప్పటికి అతనికి 31 ఏళ్లు. నిండా 32 కూడా లేవు.

మేనకోడలు: సరే మావయ్యా, ఆ తర్వాతి ఇరవై రెండు రోజులు కూడా చెప్పండి. జూన్ 16న టేషీ ఫైరింగ్ రేంజిలో ఇద్దర్ని నిలబెట్టి కాల్చేశారు. 26న ఇంకో ఆరుగురిని. మొత్తం ఎనిమిది మంది సీనియర్ ఆఫీసర్లు, వాళ్లలో ముగ్గురు దేశాధినేతలుగా చేసినవాళ్లు: అచాంపాంగ్, అఫ్రిఫా, అకుఫో. విచారణ ఏ పద్ధతిలో జరిగింది? వాళ్లకు వకీలు ఎవరు? అప్పీలు ఎక్కడ? అఫ్రిఫా అయితే పదవి దిగిపోయి దాదాపు తొమ్మిదేళ్లు అయింది. అంతకు ముందు వారమే ఆయన పార్లమెంటుకు ఎన్నికయ్యాడు కూడా.

మావయ్య: అది నేను సమర్థించడం లేదు. కానీ ఘనా విశ్వవిద్యాలయం పిల్లలు వీధుల్లోకి వచ్చి ఇంకా రక్తం పారాలని ప్లకార్డులు పట్టుకున్నారు కదా. చదువుకున్నవాళ్లే అలా ఉంటే, ఆ కోపం ఒక్క బ్యారక్సుది అనడం ఎలా కుదురుతుంది?

మేనకోడలు: జనం కేకలేశారని శిక్ష వేయడమంటే ఇక మా వృత్తితో పనేముంది? సరే, జనం అన్నారు కాబట్టి జనం గురించే చెబుతాను. అక్రా నడిబొడ్డున మకోలా అని పెద్ద మార్కెట్ ఉండేది. అందులో వ్యాపారం చేసేది దాదాపు అందరూ ఆడవాళ్లే. గుడ్డలు, సబ్బులు, చక్కెర, టిన్ను పాలు. సరుకు దాచి ఎక్కువ ధరకు అమ్మడాన్ని అక్కడ కలబూలే అంటారు. దేశంలో కొరత దిగుమతి లైసెన్సులు పంచిన జనరళ్ల వల్ల వచ్చింది. దెబ్బలు పడింది మాత్రం మకోలా ఆడవాళ్ల వీపుల మీద. ఆగస్టు 18న సైనికులు ఆ మార్కెట్‌నే పేల్చి నేలమట్టం చేశారు. పెట్టుబడంతా ఆ కొట్టులోనే ఉన్న మనిషికి ఆ సాయంత్రం ఏం మిగిలింది? పేదల పక్షాన వచ్చానన్నవాడు పేదరాలి కొట్టు కూల్చాడు. నాకు ఆ ఎనిమిది మంది ఆఫీసర్ల కన్నా ఇదే ఎక్కువ గుచ్చుకుంటుంది.

మావయ్య: గుచ్చుకోవాల్సిందే. కానీ అదే రోజుల్లో ఆయన చేసిన ఇంకో పని ఉందమ్మా. ముందే ప్రకటించిన ఎన్నికలు ఆపలేదు. జూన్‌లో పోలింగు, జూలైలో రెండో విడత. గెలిచిన హిల్లా లిమాన్‌కి సెప్టెంబర్ 24న అధికారం అప్పగించి బ్యారక్సుకి వెళ్లిపోయాడు. వచ్చిన నాలుగు నెలల్లోపే! దేశమంతా వెర్రెత్తి వెనకాల ఉన్నప్పుడు, పట్టుకున్న కుర్చీ వదిలిన సైనికుణ్ణి ఎంతమందిని చూపిస్తావు?

మేనకోడలు: వదిలి రెండేళ్ల మూడు నెలలకు మళ్లీ లాక్కున్నాడు. 1981 డిసెంబర్ 31. రాజ్యాంగం రద్దు, పార్టీల మీద నిషేధం, పార్లమెంటుకు తాళం. నచ్చనప్పుడు తిరిగి తీసేసుకోగలిగితే అది ఇచ్చినట్టు ఎలా అవుతుంది మావయ్యా? లిమాన్ ప్రభుత్వం చేతకానిదే అనుకోండి. చేతకాని ప్రభుత్వాన్ని దించడానికి నాలుగేళ్లకోసారి తేదీ ఉంది.

మావయ్య: లిమాన్ ప్రభుత్వం ఆయన్ని బలవంతంగా రిటైరు చేయించింది, వెంట గూఢచారుల్ని పెట్టింది.

మేనకోడలు: దానికి కోర్టుకు వెళ్లాలి. ఆయన కోర్టులతో ఏం చేశాడో ఇప్పుడు చెబుతాను. 1982 జూన్ 30 రాత్రి. అక్రాలో కర్ఫ్యూ. కర్ఫ్యూలో తిరగగలిగేది సైన్యం జీపులే. ముగ్గురు హైకోర్టు జడ్జీల ఇళ్లకు మనుషులు వెళ్లి వాళ్లను ఎక్కించుకుపోయారు. ఫ్రెడరిక్ సార్కోడీ, సిసిలియా కొరాంటెంగ్ అడ్డో, క్వాజో అజేపాంగ్. వాళ్లతో పాటు శామ్ అక్వా అనే రిటైర్డ్ మేజరు. 1979లో సైనిక కోర్టులు వేసిన శిక్షల మీద వచ్చిన పిటిషన్లు విని, కొందరిని విడుదల చేసిన జడ్జీలు వాళ్లు. సిసిలియా గారు చంటిబిడ్డ తల్లి. నలుగురినీ బుండాసే సైనిక మైదానానికి తీసుకుపోయి కాల్చారు. శవాలు ఆనవాలు లేకుండా పెట్రోలు పోసి అంటించారు. ఆ రాత్రి వాన కురిసి మంట ఆరిపోయింది. ఆ వానే లేకపోతే వాళ్లు పారిపోయారనో, మాయమయ్యారనో చెప్పేవాళ్లు. మూడు రోజులకు శవాలు దొరికాయి.

మావయ్య: దాని మీద విచారణ బోర్డు వేసింది ఆయనే. మాజీ ప్రధాన న్యాయమూర్తి అజూ క్రాబ్‌ని అధ్యక్షుడిగా పెట్టాడు. తన పాలక మండలి సభ్యుడు అమార్టే క్వేయినే దోషిగా తేల్చి కాల్చి చంపారు. తన మనిషిని కాపాడుకోలేదు.

మేనకోడలు: ఆ బోర్డే ఆయన భద్రతా సలహాదారు కోజో సికాటా మీద కూడా కేసు పెట్టమంది. సాక్ష్యం చాలదని అటార్నీ జనరల్ పెట్టలేదు. చాలదేమో, నాకూ తెలియదు. తేల్చాల్సింది కోర్టు. ఆ చావుల్ని తేల్చే అవకాశం కోర్టుకు ఎప్పటికీ రాకుండా తర్వాత ఏం చేశారో దానికీ వస్తాను. ముందు మీరు చెప్పదలుచుకున్నది చెప్పండి.

మావయ్య: నేను చెప్పేది 1983. ఆ సంవత్సరం ఘనా ఎలా బతికిందో ఆలోచించు. వానల్లేవు. పొదలంటుకొని కోకో తోటలు కాలిపోయాయి. పక్కనున్న నైజీరియా పది లక్షల మందికి పైగా ఘనా వాళ్లను వెళ్లగొట్టింది. గళ్ల సంచుల్లో సామాను కుక్కుకొని అంతమంది ఒక్కసారిగా తిండిలేని దేశంలోకి వచ్చిపడ్డారు. జనం మెడ కింద ఎముకలు బయటపడితే వాటిని రాలింగ్స్ గొలుసు అన్నారు. పేరు ఆయనదే పెట్టారు చూడు, నిందా ఆయన మీదే. అప్పటిదాకా వామపక్ష విప్లవం అన్న మనిషి, ఏప్రిల్‌లో దిశ మార్చి అంతర్జాతీయ ద్రవ్యనిధి షరతులకు ఒప్పుకున్నాడు. సొంత సహచరులు ద్రోహి అన్నారు. కరెన్సీ సిడీ విలువ తగ్గించాడు, కోకో రైతుకు ధర పెంచాడు. దేశం మళ్లీ నిలబడింది. ఆ తర్వాత ఉత్తరాది జిల్లాలకు కరెంటు స్తంభాలు నాటించాడు. ఓటు వేసిన పల్లెలు అవి, ఊరికే వేయలేదు.

మేనకోడలు: ఊరికే వేశారని నేననను. పల్లెల్లో ఆయనకు నిజమైన అభిమానం ఉంది. కానీ పదేళ్లు పత్రిక నోరు మూయించి సంపాదించిన అభిమానాన్ని ఎలా కొలవాలి? చరిత్రకారుడు అడు బోహెన్ 1988లో అక్రాలో మూడు ఉపన్యాసాలిచ్చి, ఈ దేశంలో నిశ్శబ్ద సంస్కృతి రాజ్యమేలుతోందని చెప్పడమే పెద్ద సాహసమైంది. ఒక ప్రొఫెసర్ హాల్లో నిలబడి మాట్లాడటం వార్త అయిందంటే, ఎంత మౌనం ఉండి ఉండాలి! రెండేళ్లకు ఆయనే ముందుండి ఉద్యమం కట్టాడు. అప్పు ఇచ్చే దేశాలూ ఒత్తిడి తెచ్చాయి. 1992 ఏప్రిల్ 28న కొత్త రాజ్యాంగం మీద ప్రజాభిప్రాయం అడిగారు. నవంబర్‌లో ఎన్నిక. రాలింగ్స్‌కి 58 శాతం, బోహెన్‌కి 30. ప్రతిపక్షం రిగ్గింగ్ అంది, డిసెంబర్‌లో పార్లమెంటు ఎన్నికలు బహిష్కరించింది. 200 సీట్లలో 189 ఆయన పార్టీవే. యూనిఫాం తీసి స్మాక్ అనే సంప్రదాయ చొక్కా తొడుక్కున్నాడు, అంతే తేడా.

మావయ్య: అంతే తేడా అనకు. నువ్వు లాయరువి, ఆ తర్వాతి ఏడాది కేసులు నీకే బాగా తెలియాలి.

మేనకోడలు: తెలుసు కాబట్టే అంటున్నాను, ఆ ఘనత ఆయనది కాదు. బహిష్కరించిన న్యూ పేట్రియాటిక్ పార్టీ అడవుల్లోకి పోలేదు, ఇంకో ఆఫీసర్‌ని వెతుక్కోలేదు. పార్లమెంటులో కుర్చీ లేకపోయినా సుప్రీంకోర్టు తలుపు తట్టింది. ఊరేగింపుకి పోలీసు పర్మిషన్ కావాలన్న చట్టం చెల్లదంది కోర్టు. ప్రభుత్వ రేడియో, టీవీలో ప్రతిపక్షానికీ సమాన సమయం ఇవ్వాలంది. మూడో కేసు నాకు ప్రాణం. డిసెంబర్ 31ని, ఆయన కుట్ర చేసిన రోజుని, ప్రభుత్వ సొమ్ముతో పండగ చేసేవాళ్లు, సెలవిచ్చేవాళ్లు. రాజ్యాంగబద్ధమైన ప్రభుత్వాన్ని కూల్చిన రోజును ఈ రాజ్యాంగం కింద ఖజానా డబ్బుతో జరుపుకోవడం కుదరదని అయిదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు ఒకవైపు. ఒక్క ఓటు తేడా! పదకొండేళ్ల కిందట ముగ్గురు జడ్జీల్ని ఎత్తుకుపోయిన ఊళ్లో, అదే మనిషి అధ్యక్షుడుగా ఉండగా, నీ పండగ చెల్లదని రాసి సంతకం పెట్టారు. ఆ అయిదుగురు ఆ రాత్రి ఇంటికెళ్లి తలుపు గడియ పెట్టుకునేటప్పుడు ఏమనుకుని ఉంటారు మావయ్యా?

మావయ్య: ఏమనుకున్నా, తలుపు ఎవరూ తట్టలేదు. నేను చెప్పేది అదే. 1982లో జీపు వచ్చింది, 1993లో రాలేదు. ఆయన తీర్పుని తిట్టాడు, పాటించాడు. మనిషి మారడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

ఇక్కడ నేను కలగజేసుకుంటాను. ఈ సంవాదానికి గుండెకాయ ఈ తీర్పే అని నా నమ్మకం. మావయ్య అన్నది నిజం: పాటించకుండా ఉండే బలం అప్పటికీ రాలింగ్స్ దగ్గర ఉంది. సైన్యం ఆయన మాట వింటుంది, పార్లమెంటు ఆయనదే. అయినా మాట విన్నాడు. కానీ మొదట ఎవరో ఒకరు ఆ మాట అనాలి. పిటిషన్ వేసినవాళ్లు, తీర్పు రాసినవాళ్లు ముందు భయాన్ని దాటారు. ఆ తర్వాతే ఆయనకు వినే అవకాశం వచ్చింది. సైనిక పాలకుడు మంచివాడైతే ప్రజాస్వామ్యం వస్తుందనే మాట మనవాళ్లూ చాలా తేలిగ్గా అనేస్తారు. అలా అనేవాళ్లకు ఆ అయిదుగురి పేర్లు ఒక్కటీ గుర్తుండవు. నేను మేనకోడలి పక్షమే. అయితే మావయ్య దగ్గర ఇంకా బలమైన మాట ఉంది, అది కూడా వినాలి.

మావయ్య: మ్యాపు తీసి చూడు. తూర్పున టోగో. అక్కడ ఎయడెమా కూడా సైనికుడే, 1967 నుంచి పాలించాడు. పదవీకాల పరిమితి అడ్డొస్తే 2002లో రాజ్యాంగమే మార్చేశాడు, 2005లో చచ్చేదాకా కుర్చీలోనే ఉన్నాడు. తర్వాత కొడుకు. ఉత్తరాన బుర్కినా ఫాసో. కంపావోరే 27 ఏళ్లు పాలించి, ఇంకా ఉండాలని రాజ్యాంగం సవరించబోతే 2014లో జనం పార్లమెంటు తగలబెట్టి తరిమేశారు. ఈ ఇద్దరి మధ్యా రాలింగ్స్. 1996లో రెండోసారి గెలిచాక ఆయన వయసు 49. ఒంట్లో సత్తువుంది, పార్లమెంటులో మెజారిటీ ఉంది. మూడోసారి కావాలని అడిగించుకోలేదు. 1998లో స్వేడ్రూ ఊళ్లో సభపెట్టి, నా తర్వాత అట్టా మిల్స్ అని చెప్పేశాడు. 2000లో మిల్స్ ఓడిపోతే, తాను తిట్టిన ప్రతిపక్ష నాయకుడు కుఫూర్‌కే అధికారం ఇచ్చాడు. ఘనా స్వాతంత్ర్యం తెచ్చుకున్న 44 ఏళ్లలో ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి ఓటుతో అధికారం మారడం అదే మొదలు. ఇది చిన్న విషయమా?

మేనకోడలు: కాదు. ఒప్పుకుంటున్నాను. కానీ 2000 డిసెంబర్ పోలింగు ఎలా జరిగిందో చూడండి. ఎన్నికల సంఘం అధ్యక్షుడు అఫారీ జ్యాన్ అని రాజనీతి శాస్త్రం మేష్టారు. 1992 గొడవ తర్వాత అన్ని పార్టీలనూ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు. కొత్త ఓటర్ల జాబితా, గుర్తింపు కార్డులు తెచ్చాడు. 1996 నాటికి పాత పెట్టెలు పోయి లోపల కాగితాలు కనిపించే పెట్టెలు వచ్చాయి. ఓట్లు ఏ బూత్‌లో వేశారో అక్కడే, అందరి ముందే లెక్కిస్తారు. ప్రతి పార్టీ ఏజెంటూ లెక్క కాగితం మీద సంతకం పెట్టి నకలు పట్టుకుపోతాడు. 2000 నాటికి ఎఫ్ఎం రేడియోలు వచ్చేశాయి. విలేకరి బూత్ దగ్గర్నుంచి ఫోన్ చేసి అంకెలు చదువుతున్నాడు, ఊరంతా రేడియో దగ్గర కూర్చుని కూడుకుంటోంది. ఇంకా అధికారికంగా ప్రకటించకముందే దేశానికి లెక్క తెలుసు. అప్పుడు ఏ పెట్టె మారుస్తారు, ఏ అంకె దిద్దుతారు? ఆ రేడియోలు కూడా ఆయన ఇష్టపడి ఇచ్చినవి కావు. 1994లో రేడియో ఐ అని ఓ స్టేషన్ లైసెన్సు లేకుండా గాలిలోకి వస్తే సామాను జప్తు చేశారు. జనం వీధికెక్కాక లైసెన్సులు ఇవ్వడం మొదలైంది.

మావయ్య: లెక్క తెలిసినా తుపాకీ ఉన్నవాడు లెక్క చేయకపోవచ్చు. ఎన్ని దేశాల్లో జరగలేదు! మేష్టారి పెట్టెల చుట్టూ ఆ రాత్రి కాపలా ఉన్నది ఎవరి సైన్యం?

మేనకోడలు: మీరు అడిగింది సరైన ప్రశ్న. దానికి జవాబు రాజ్యాంగం చివరి పేజీల్లో ఉంది. అందుకే ఇందాక తర్వాత చెబుతానన్నాను. తాత్కాలిక నిబంధనలు అని వెనకాల చేర్చారు. వాటిలో 34వ సెక్షన్: 1979లోనూ, 1981 తర్వాతా సైనిక ప్రభుత్వాల పేరు మీద ఎవరేం చేసినా ఏ కోర్టూ ప్రశ్నించకూడదు. 37వ సెక్షన్: దీన్ని పార్లమెంటు సవరించకూడదు. ఎప్పటికీ. ప్రజాభిప్రాయంలో మొత్తం రాజ్యాంగానికి కలిపి ఒకటే ఓటు, అవునా కాదా అని. హక్కులు కావాలన్నవాడు ఈ మాఫీకి కూడా అవునని వేయాల్సిందే. 92 శాతం వేశారు. ఆయన ప్రశాంతంగా ఇంటికెళ్లగలిగాడంటే, ఇంటి చుట్టూ ఈ గోడ కట్టుకునే వెళ్లాడు.

మావయ్య: ఆ గోడ లేకపోతే వెళ్లేవాడే కాదు. జైలుకో, ఉరికంబానికో దారి అని తెలిసి ఏ సైనికుడు కుర్చీ దిగుతాడు? చిలీలో పినోచెట్ కూడా క్షమాభిక్ష చట్టం చేసుకున్నాకే దిగాడు. 1979లో ఆయనే మాజీల్ని కాల్పించాడు కాబట్టి, మాజీ కావడం అంటే ఏమిటో ఆయనకన్నా బాగా ఎవరికి తెలుసు? అంతర్యుద్ధమో, ఇంకో కుట్రో రాకుండా ఉండటానికి కట్టిన వెల అది.

మేనకోడలు: వెల కట్టింది ఎవరు? సార్కోడీ గారి పిల్లలు, మకోలా ఆడవాళ్లు. వాళ్లను అడిగారా? ముసలివాణ్ణి జైల్లో పెట్టమని నా పట్టుదల కాదు మావయ్యా. పార్లమెంటు కావాలంటే రేపు మార్చుకోగలిగే మాఫీ అయితే నేనూ నోరు మూసుకునేదాన్ని. ఎన్ని తరాలు ఓటేసినా ముట్టుకోకూడదన్న గడియ పెట్టారే, అది మాత్రం ప్రజాస్వామ్యంలో ఇమడదు.

మావయ్య: మరి కుఫూర్ ప్రభుత్వం వచ్చాక జాతీయ సయోధ్య కమిషన్ వేసింది కదా.

మేనకోడలు: వేసింది. శిక్ష వేసే అధికారం లేదు, వినే అధికారం ఉంది. నాలుగు వేల మందికి పైగా అర్జీలు పెట్టుకున్నారు. తలగొరిగించి కొరడాలతో కొట్టించుకున్న వ్యాపారులు, కొడుకు ఎక్కడ పూడ్చారో తెలియని తల్లులు ఒక్కొక్కరూ వచ్చి చెప్పారు, టీవీలో ప్రసారమైంది. 2004లో రాలింగ్స్ కూడా వచ్చి కాసేపు కూర్చుని వెళ్లాడు. కమిషన్ పరిహారం ఇమ్మంది. కొంత ఇచ్చారు. దేశాన్ని ఎవరూ తగలబెట్టలేదు, సైన్యం కదల్లేదు. సత్యం బయటపడితే అంతర్యుద్ధం వస్తుందన్నవాళ్లు ఏం జవాబు చెబుతారు?

మావయ్య: ఆయన పార్టీవాళ్లు కక్ష సాధింపన్నారు.

మేనకోడలు: కక్ష అయితే ఆ పార్టీ తుడిచిపెట్టుకుపోవాలి. 2008లో అదే పార్టీ, అదే అట్టా మిల్స్ గెలిచాడు. తొంభై లక్షల ఓట్లలో నలభై వేల తేడా. టేన్ అనే ఒక్క నియోజకవర్గం మిగిలిపోతే 2009 జనవరి 2న అక్కడ పోలింగు పెట్టి తేల్చారు. కుఫూర్ పార్టీ ఓడి దిగిపోయింది. 2012లో ఇంకా గట్టిగా తగువొచ్చింది, ఎనిమిది నెలలు సుప్రీంకోర్టులో నడిచింది. బూత్ లెక్క కాగితాలు ఒక్కొక్కటే చదువుతుంటే దేశమంతా టీవీలో చూసింది. తీర్పు వచ్చిన రోజే ఓడిన అకుఫో అడో ఒప్పుకుని గెలిచినవాడికి ఫోన్ చేశాడు. ఆ కోర్టు ముందే ఆ ముగ్గురు జడ్జీల విగ్రహాలున్నాయి.

మావయ్య: నలభై వేల తేడాకు సైన్యం చూస్తూ ఊరుకుంది చూడు, ఆ ఊరుకోవడం దానికి ఎవరు అలవాటు చేశారో మాత్రం నువ్వు ఇంకా చెప్పలేదు. పందొమ్మిదేళ్లు ఒక్కడే అదుపులో పెట్టి, తర్వాత తన పార్టీ ఓడినా బ్యారక్సులోంచి రావొద్దని చూపించి వెళ్లాడు. అది ఆయన ఖాతాలో వేయాల్సిందే.

మేనకోడలు: వేస్తాను. అంతవరకే వేస్తాను. ఘనా లాయర్లు ఏటా జూన్ 30న ఆ విగ్రహాల దగ్గర చేరినప్పుడు, 34వ సెక్షన్ తీసేయమని వాళ్లు అడిగితే, మీరు కూడా వాళ్ల పక్కన నిలబడతారా, చెప్పండి.

మావయ్య: 37వ సెక్షన్ తీసేయమంటే నిలబడతాను. 34 సంగతి ఆ తర్వాత వాళ్ల పార్లమెంటు ఓటేసి చెప్పాలి.